బ్రిడ్జిల మీద ఇంటర్న్‌షిప్: రైల్వేకి వెళ్లాలా, ఆర్ అండ్ బీకా, హైవేలకా, ల్యాబ్‌కా?

సివిల్ మూడో ఏడాది పరీక్షలు దగ్గరపడుతున్నాయంటే వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే గోల. ఇంటర్న్‌షిప్ ఎక్కడ దొరుకుతుంది, సర్టిఫికెట్ ఎవరిస్తారు, ఎన్ని వారాలు చేస్తే క్రెడిట్లు పడతాయి? వంతెనలంటే ఇష్టముండి, ప్రభుత్వ రంగంలోనే చేయాలనుకునేవాళ్లకు ఇంకో ప్రశ్న కూడా తోడవుతుంది. రైల్వేనా, రాష్ట్ర ఆర్ అండ్ బీనా, జాతీయ రహదారులా, లేకపోతే లక్నోలోని ఆర్‌డీఎస్‌ఓ (రైల్వే పరిశోధన, ప్రమాణాల సంస్థ), చెన్నైలోని ఎస్ఈఆర్‌సీ (నిర్మాణాల పరిశోధన కేంద్రం) లాంటి సంస్థలా? చాలామంది పేరు చూసి తేల్చేస్తారు. రెజ్యూమెలో ఏది గొప్పగా కనిపిస్తే దానికే ఓటు.

నా లెక్క వేరు. మీరు వెళ్లే ఆ నెలా నెలన్నరలో ఆ ఆఫీసు కింద ఏ వంతెన పని ఏ దశలో ఉంటుంది, దాని దగ్గర రోజూ నిలబడే వీలు మీకు ఉంటుందా అన్నది ముందు చూడాలి. మండల కేంద్రం దాటాక ఏదో వాగు మీద పైల్స్ (నేలలోకి దించే పునాది స్తంభాలు) వేస్తున్న చిన్న బ్రిడ్జి దగ్గర నెల రోజులున్న కుర్రాడు, పెద్ద ఆఫీసులో ఏసీ గదిలో పాత ఫైళ్లు తిరగేసి వచ్చిన కుర్రాడికంటే ఎక్కువే నేర్చుకుంటాడు. శాఖ పేరు ఆ తర్వాతి సంగతి.

అసలు విషయంలోకి వెళ్లే ముందు రెండు భ్రమలు వదిలించుకోవాలి. ఏపీపీఎస్సీ, టీజీపీఎస్సీ ఏఈఈ పోస్టులకైనా, యూపీఎస్సీ ఇంజినీరింగ్ సర్వీసెస్‌కైనా, రైల్వే జేఈకైనా ఇంటర్న్‌షిప్ చేశామని మార్కులేమీ కలపరు. అక్కడ పరీక్షే పరీక్ష. "సార్ దగ్గర చేస్తే తర్వాత తీసుకుంటారట" అని ఎవరైనా అంటే నమ్మకండి. రెండోది డబ్బు. ఫీల్డ్ ఆఫీసుల్లో చాలావరకు స్టైపెండ్ ఉండదు. కొన్ని సంస్థలు విద్యార్థుల శిక్షణకు ఎదురు ఫీజు కట్టించుకుంటాయి కూడా. 1961 అప్రెంటిస్ చట్టం కింద డిగ్రీ అయ్యాక ఏడాదిపాటు స్టైపెండ్‌తో చేసే గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌షిప్ పూర్తిగా వేరే దారి. దానికి ఎన్‌ఏటీఎస్ (జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం) పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. ఈ రెండూ ఒకటే అనుకుని, చదువు మధ్యలో ఉండగానే "నెలకు ఎంత ఇస్తారు" అని ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్) ఆఫీసులో అడిగేవాళ్లున్నారు.

రైల్వే: పాత వంతెనలే అసలు పాఠ్యపుస్తకం

చీనాబ్ మీద 359 మీటర్ల ఎత్తులో కట్టిన ఆర్చ్ వంతెన వీడియోలు చూసి రైల్వేకి వెళ్దామనుకునేవాళ్లకు ముందే ఒక మాట. డివిజన్‌లో మీకు దొరికేది అలాంటి పని కాదు. రైల్వేలో సివిల్ పని రెండు భాగాలుగా ఉంటుంది. నడుస్తున్న లైన్లను చూసుకునేది ఓపెన్ లైన్, కొత్త లైన్లు, డబ్లింగ్, మూడో లైన్ లాంటివి కట్టేది కన్‌స్ట్రక్షన్ విభాగం. రెండూ రైల్వేనే, ఇంటర్న్‌కి మాత్రం రెండు వేర్వేరు ప్రపంచాలు. దరఖాస్తులో ఈ సంగతి రాయకపోతే మిమ్మల్ని ఎక్కడ పడేస్తారో చెప్పలేం.

నేనైతే ఓపెన్ లైన్‌లో బ్రిడ్జి ఎస్ఎస్ఈ (సీనియర్ సెక్షన్ ఇంజినీర్) దగ్గర పడితే అదృష్టమే అంటాను. దేశంలో రైల్వే వంతెనలు లక్షన్నరకు పైగా ఉన్నాయి, వాటిలో వందేళ్లు దాటినవీ వేలల్లో ఉన్నాయి. ఒక్కో వంతెనకు ఒక నంబరు, ఒక చరిత్ర, తనిఖీ రిజిస్టర్‌లో ఏటా రాసిన వ్యాఖ్యలు. ఒక అబట్‌మెంట్‌లో (వంతెన చివర గట్టువైపు ఉండే గోడ) పగులు కనిపిస్తే అది కిందటేడు ఎంత ఉంది, ఇప్పుడెంత ఉంది అన్నది రిజిస్టర్ చూసి చెప్తారు. కాలేజీలో కొత్త వంతెన డిజైన్ చేయడం నేర్పుతారు గానీ, ఉన్న వంతెన ఒంట్లో ఎలా ఉందో కనిపెట్టడం ఎవరూ నేర్పరు.

పాత స్టీల్ గర్డర్లలో (వంతెనను మోసే దూలాలు) రివెట్లు (ప్లేట్లను కలిపే మేకులు) చూసే తీరు దీనికి మంచి ఉదాహరణ. ఎడమచేతి చూపుడు వేలు రివెట్ తలకూ ప్లేటుకూ రెండింటికీ తగిలేలా పెడతారు. అవతలి వైపు నుంచి నూట పది గ్రాముల చిన్న సుత్తితో గట్టిగా ఒక్కటిస్తారు. రివెట్ వదులైతే ఆ కదలిక వేలికి తెలుస్తుంది. అంతే పరీక్ష. మొదట్లో మీకు ఏ రివెట్ అయినా ఒకేలా అనిపిస్తుంది. పక్కనున్న సీనియర్ టెక్నీషియన్ మాత్రం "ఇది పోయింది" అని పెయింట్ చుక్క పెట్టి ముందుకెళ్తాడు. వేలు పెట్టి పది పదిహేను వదులు రివెట్లు చూశాక గానీ తేడా అందదు. ఇది ఏ పుస్తకంలో చదివినా రాదు. బేరింగ్‌లు (గర్డర్ ఆనే భాగాలు) మూడేళ్లకోసారి శుభ్రం చేసి గ్రీజు పెట్టడం, గర్డర్ క్యాంబర్ (పైకి ఉంచే స్వల్ప వంపు) కొలవడం, పియర్ల (వంతెన మధ్య స్తంభాల) మీద గీసిన అత్యధిక వరద మట్టం, ప్రమాద మట్టం గీతలు చదవడం, ఇవన్నీ ఇలాగే పక్కన నిలబడి నేర్చుకోవాల్సినవే.

వానల ముందు డివిజన్‌లో ఇంకో పని నడుస్తుంది. లైన్‌కి ఎగువన ఉన్న చెరువుల్లో ఏది తెగితే పట్టాలకు ముప్పో రైల్వే ఒక జాబితా పెట్టుకుంటుంది. వాటిని రాష్ట్ర నీటిపారుదల శాఖవాళ్లతో కలిసి తనిఖీ చేస్తారు. 2005 అక్టోబర్ 29న వలిగొండ దగ్గర డెల్టా ఫాస్ట్ ప్యాసింజర్ పడిపోయి వందమందికి పైగా చనిపోయింది ఇలాంటి వరదలోనే. ఎగువన చెరువు తెగి, లైన్ కింద ఉన్న చిన్న వంతెన కొట్టుకుపోయింది. పెద్ద నది మీది పెద్ద వంతెనల గురించే ఆలోచించే విద్యార్థికి, ఆ జాబితా పట్టుకుని ఒక ఏడీఈఎన్ (అసిస్టెంట్ డివిజనల్ ఇంజినీర్) వెంట చెరువు గట్ల మీద తిరిగితే హైడ్రాలజీ అంటే ఏంటో కొత్తగా అర్థమవుతుంది. వీలైతే ఆ తనిఖీకి తీసుకెళ్లమని అడగండి. అడగకపోతే మాత్రం ఎవరూ పిలవరు.

విజయవాడ డివిజన్ దొరికినవాళ్లకు రాజమహేంద్రవరం ఉండనే ఉంది. 1900లో రాకపోకలు మొదలై 1997లో విశ్రాంతి తీసుకున్న హేవ్‌లాక్ వంతెన, 1974 నాటి రోడ్డు కమ్ రైలు వంతెన, 1997లో పూర్తయిన 28 స్పాన్ల కాంక్రీట్ ఆర్చ్ వంతెన, మూడూ ఒకే నది మీద ఉన్నాయి. మూడు తరాల ఆలోచనను ఒక పూటలో చూడొచ్చు.

ఇక ఇబ్బందులు. అనుమతికి టైమ్ పడుతుంది. రైల్వే మనిషి వెంట లేకుండా లైన్ మీద అడుగు పెట్టనివ్వరు, పెట్టకూడదు కూడా. పెద్ద మరమ్మతు పని ఏదైనా ట్రాఫిక్ బ్లాక్ (పని కోసం రైళ్లు ఆపే సమయం) దొరికినప్పుడే. అది అర్ధరాత్రి రెండు గంటలు కావచ్చు, చివరి నిమిషంలో రద్దు కూడా కావచ్చు. ఫోన్ తీసి ఫొటోలు తీయడం కుదరదు. "రోజూ ఏదో ఒకటి జరగాలి" అనుకునేవాళ్లకు ఓపెన్ లైన్ బోరు కొడుతుంది.

ఆర్ అండ్ బీ: పేరు చిన్నది, పని చేతికందేది

తెలుగు రాష్ట్రాల విద్యార్థులకు దగ్గరగా, సులువుగా దొరికేది ఇదే. జిల్లా కేంద్రంలో ఈఈ, ఆయన కింద డీఈలు (డిప్యూటీ ఈఈలు), వాళ్ల కింద ఏఈలు (అసిస్టెంట్ ఇంజినీర్లు). ఒక ఏఈ చేతిలో రోడ్లు, కల్వర్టులు, ఒకటో రెండో బ్రిడ్జిలు ఉంటాయి. కాలేజీ లెటర్ పట్టుకుని వెళ్తే చాలాచోట్ల "సరే, ఫలానా సెక్షన్‌లో చేరండి" అంటారు. పెద్ద ఇంటర్వ్యూలేవీ ఉండవు.

ఇక్కడున్న గొప్ప సౌకర్యం ఏంటంటే ఒక పని మొదటి నుంచి చివరిదాకా ఒకే టేబుల్ మీద కనిపిస్తుంది. ఎస్ఎస్ఆర్ (ప్రభుత్వ ప్రామాణిక ధరల పట్టిక) రేట్లతో వేసిన ఎస్టిమేట్, టెండర్, అగ్రిమెంట్, డ్రాయింగ్, సైట్‌లో కొలతలు, ఎంబీ (కొలతల పుస్తకం) రికార్డు, క్వాలిటీ కంట్రోల్ వాళ్ల వ్యాఖ్యలు, బిల్లు. పియర్ క్యాప్‌లో ఎంత స్టీల్ పడిందో మీరు సైట్‌లో లెక్కపెట్టి, సాయంత్రం అదే ఎంబీలో ఎలా రాస్తున్నారో చూడొచ్చు. డిజైన్ చేసేవాడికి కూడా ఇది తెలియాలి. రాడ్ల మధ్య వైబ్రేటర్ నీడిల్ దూరని డ్రాయింగ్ గీసేవాడు సైట్ చూడనివాడే.

ప్రీస్ట్రెస్డ్ గర్డర్ల (లోపలి స్టీల్ కేబుళ్లను లాగి బిగించే కాంక్రీట్ దూలాలు) పని నడుస్తుంటే మాత్రం స్ట్రెస్సింగ్ (కేబుళ్లు లాగే) రోజున ఏ సాకుతోనూ సైట్ మానకండి. ముందు కాంక్రీట్ క్యూబ్‌ల బలం డ్రాయింగ్‌లో అడిగినంత వచ్చిందో లేదో చూస్తారు. రాకపోతే ఆరోజు జాక్ ఎక్కదు. కేబుల్ చివర జాక్ బిగించి, పంపు గేజ్‌లో పీడనం మెట్టు మెట్టుగా పెంచుతూ, ప్రతి మెట్టుకీ కేబుల్ ఎన్ని మిల్లీమీటర్లు సాగిందో స్టీల్ టేపుతో కొలుస్తారు. డ్రాయింగ్‌లో ఇచ్చిన సాగుదలను మీ సైట్‌కి వచ్చిన స్ట్రాండ్ (కేబుల్ తీగ) టెస్ట్ సర్టిఫికెట్‌లోని విలువలతో సవరించుకుని, దానికి 5 శాతం అటూ ఇటూ లోపల ఉందో లేదో చూడాలి. తక్కువ సాగితే లోపల ఎక్కడో డక్ట్‌లోకి (కేబుల్ వెళ్లే గొట్టం) సిమెంట్ పాలు దిగి కేబుల్ పట్టేసి ఉండొచ్చు. మరీ ఎక్కువ సాగితే వెడ్జ్ (కేబుల్‌ని పట్టి ఉంచే చీలిక ముక్క) జారుతుండొచ్చు. ఆ పట్టిక రాసే పని మీరే అడిగి తీసుకోండి, ఎవరూ కాదనరు. గేజ్ ఒకరు చదువుతారు, టేపు ఒకరు పట్టుకుంటారు, పెన్ను మీది. జాక్ వెనకాల మాత్రం నిలబడొద్దు. తీగ తెగితే బాణంలా వచ్చేది అటువైపే. అక్కడ తాడు కట్టి ఉండకపోతే కట్టించమని మీరే అడగొచ్చు, ఇంటర్న్ అని మొహమాటపడక్కర్లేదు.

కానీ ఇదంతా పని నడుస్తుంటేనే. ఆర్ అండ్ బీలో అసలు రిస్క్ ఇదే. భూసేకరణ తేలక, బిల్లులు రాక, కాంట్రాక్టర్ మనుషుల్ని తీసేసి, పియర్లు నిలబడి ఆగిపోయిన బ్రిడ్జిలు ఎన్ని లేవు! పెద్దపల్లి జిల్లా ఓడేడు దగ్గర మానేరు మీద ఏళ్లతరబడి సాగుతున్న వంతెన గర్డర్లు 2024 ఏప్రిల్‌లో ఒక రాత్రి ఈదురుగాలికి కింద పడ్డాయి. డెక్ స్లాబ్, క్రాస్ గర్డర్లు పడి అన్నీ ఒక్కటయ్యేదాకా విడివిడి గర్డర్ ఎంత బలహీనంగా నిలబడి ఉంటుందో చెప్పడానికి అంతకంటే ఉదాహరణ అక్కర్లేదు. మధ్యలో ఆగిన పని దగ్గర ఇంటర్న్‌షిప్ చేస్తే మీకు నెలంతా చూడ్డానికి తుప్పు పట్టిన డోవెల్ రాడ్లే మిగులుతాయి. అందుకే లెటర్ ఇచ్చే ముందే ఏఈకి ఫోన్ చేసి, "సార్, మే నెలలో ఆ బ్రిడ్జిలో ఏ పని ఉంటుంది?" అని సూటిగా అడగండి. "చూద్దాం" అంటే పని లేదని అర్థం. "రెండో స్పాన్ స్లాబ్ ఉంటుంది" అంటే బ్యాగ్ సర్దుకోండి.

పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ విభాగం కూడా ఇలాంటిదే, స్థాయి కొంచెం చిన్నది. కల్వర్టే కదా అని తీసిపారేయొద్దు. ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) లెక్కలో 6 మీటర్ల దాకా కల్వర్టు, 60 మీటర్ల దాకా చిన్న వంతెన. మీరు ఉద్యోగంలో చేరాక మొదటి రెండేళ్లు చేసేది ఎక్కువగా వీటినే. చిన్న వంతెనల కోసం ఉన్న ఐఆర్‌సీ మార్గదర్శకం ఎస్‌పీ:13 చదివి, ఒక వాగుకి నీటి ప్రవాహం మీరే లెక్కకట్టి, వెంట్‌వే (నీరు పోయే దారి) సరిపోతుందో లేదో చూసి ఏఈకి చూపిస్తే అదే మంచి ప్రాజెక్ట్ రిపోర్ట్.

జాతీయ రహదారులు: పెద్ద పని, కానీ ఎవరి టేబుల్ దగ్గర?

ఎన్‌హెచ్‌ఏఐ (జాతీయ రహదారుల ప్రాధికార సంస్థ) పేరు వినగానే ఫ్లైఓవర్లు, ఇంటర్‌చేంజ్‌లు కళ్లముందు కదులుతాయి. అవి ఉంటాయి, అబద్ధం కాదు. కానీ అక్కడి ఏర్పాటు తెలుసుకోకుండా వెళ్తే నిరాశే. ప్రాజెక్ట్ డైరెక్టర్ ఆఫీసులో మనుషులు తక్కువ, అక్కడ జరిగేది ఎక్కువగా కాంట్రాక్టు నిర్వహణ, భూసేకరణ, ఉత్తరాలు. పని చేసేది కాంట్రాక్టర్, డిజైన్ కాంట్రాక్టర్ పెట్టుకున్న కన్సల్టెంట్‌ది, పర్యవేక్షణ అథారిటీస్ ఇంజినీర్ లేదా ఇండిపెండెంట్ ఇంజినీర్ అనే మరో కన్సల్టెన్సీది. కాబట్టి అనుమతి ప్రాజెక్ట్ డైరెక్టర్ దగ్గర తీసుకుని, కూర్చునే చోటు మాత్రం ఆ పర్యవేక్షణ కన్సల్టెన్సీలో బ్రిడ్జి ఇంజినీర్ దగ్గర అడగండి. ఈ ఒక్క మాట ముందే అడిగితే మీ నెల రోజులూ మారిపోతాయి.

అక్కడ రోజూ ఆర్ఎఫ్ఐలు వస్తాయి. "ఫలానా పియర్ స్టీల్ రెడీ, వచ్చి చూసుకోండి" అని కాంట్రాక్టర్ ఇచ్చే కాగితం అది. బ్రిడ్జి ఇంజినీర్ వెళ్లి కవర్ బ్లాకులు (స్టీల్‌కీ షటరింగ్‌కీ మధ్య ఖాళీ ఉంచే దిమ్మెలు), లాప్ పొడవు (రాడ్డు మీద రాడ్డు ఎంత అతుకుంది), షటరింగ్ సపోర్టులు చూసి సంతకం పెడితేనే కాంక్రీట్. ఆయన వెనక రోజుకు నాలుగైదు ఆర్ఎఫ్ఐలకు తిరిగితే, ఒకే తప్పు వేర్వేరు పియర్లలో ఎలా మళ్లీ మళ్లీ వస్తుందో తెలుస్తుంది. క్యాస్టింగ్ యార్డ్‌లో ఒకే గర్డర్ వందసార్లు వేస్తుంటారు. వైవిధ్యం తక్కువే గానీ నాణ్యత పద్ధతిగా ఎలా నిలబెడతారో చూడాలంటే ఇదే చోటు. రాష్ట్ర ఆర్ అండ్ బీలోనే ఎన్‌హెచ్ విభాగం ఉంటుంది, కేంద్ర మంత్రిత్వ శాఖ పనులు కొన్ని వాళ్ల ద్వారానే జరుగుతాయి. అక్కడ దొరికితే రెండింటి లాభమూ కొంతవరకు వస్తుంది.

కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2016లో బ్రిడ్జి మేనేజ్‌మెంట్ సిస్టమ్ ఒకటి మొదలుపెట్టి, జాతీయ రహదారుల మీద లక్షన్నరకు పైగా వంతెనలు, కల్వర్టుల వివరాలు సేకరించింది. డేటా మీద ఆసక్తి ఉన్నవాళ్లు ఈ తనిఖీ పనుల గురించి కూడా వాకబు చేయొచ్చు. 2025 జూలైలో గుజరాత్‌లో మహీ నది మీది గంభీర వంతెన కూలినప్పుడు, పెడెస్టల్ (బేరింగ్ కింది దిమ్మె), ఆర్టిక్యులేషన్ (గర్డర్లు కలిసే కీలు) నలిగిపోయాయని అక్కడి ప్రభుత్వం చెప్పింది. 1985లో కట్టిన వంతెన అది. బేరింగ్‌లు, హాఫ్ జాయింట్ల లాంటి కంటికి ఆనని చోట్లకు దిగి చూసే పనిని తక్కువ అంచనా వేసే విద్యార్థికి ఇది గుర్తుండాలి.

ఆర్‌డీఎస్‌ఓ, ఎస్ఈఆర్‌సీ, సీఆర్ఆర్ఐ, రైట్స్: అందరికీ కాదు

వీటి గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే బీటెక్ మూడో ఏడాదిలో ఉన్న చాలామందికి ఇవి ఇంకా తొందర. ఎంటెక్ స్ట్రక్చర్స్‌లో ఉన్నవాళ్లకు, లేదా ఇన్‌ఫ్లుయెన్స్ లైన్లు, ఫెటీగ్, ఫైనైట్ ఎలిమెంట్ మీద కాస్త పట్టున్న నాలుగో ఏడాదివాళ్లకు మాత్రం వీటిని మించిన చోటు లేదు.

లక్నో ఆర్‌డీఎస్‌ఓ రైల్వే గర్డర్లకు ప్రామాణిక డ్రాయింగ్‌లు తయారుచేస్తుంది. 30.5, 45.7, 61, 76.2 మీటర్ల ఓపెన్ వెబ్ గర్డర్లు (జాలీలా అల్లిన స్టీల్ దూలాలు) అక్కడివే. ఈ వింత అంకెలేంటా అనుకుంటే వాటిని అడుగుల్లోకి మార్చి చూడండి: 100, 150, 200, 250. చెన్నైలోని సీఎస్ఐఆర్ ఎస్ఈఆర్‌సీలో నిర్మాణాల పరీక్షలు, స్ట్రెయిన్ గేజ్‌లు అతికించి వంతెన ప్రవర్తన కొలిచే పనులు ఉంటాయి. ఢిల్లీ సీఆర్ఆర్ఐలో (కేంద్ర రోడ్డు పరిశోధన సంస్థ) బ్రిడ్జిల విభాగం వేరే ఉంది. రైట్స్ ప్రభుత్వ రంగ కన్సల్టెన్సీ, డిజైన్ వాసన కావాలంటే అటు చూడొచ్చు. ఈ చోట్ల ఒక శాస్త్రవేత్తకో అధికారికో మీరు పనికొస్తారని అనిపించాలి. "సార్, ట్రైనింగ్ కావాలి" అని రాస్తే జవాబు రాదు. "నా థీసిస్ స్టీల్ గర్డర్ల ఫెటీగ్ మీద, మీ దగ్గర ఇలాంటి డేటా మీద ఆరు వారాలు పనిచేయగలను" అని రాస్తే వచ్చే అవకాశం ఉంది.

ఒక నిజం కూడా ఒప్పుకోవాలి. మీకు కావాల్సింది డిజైన్ ఒక్కటే అయితే, మిడాస్ సాఫ్ట్‌వేర్‌లో మోడల్ చేసి ఐఆర్‌సీ:112 (కాంక్రీట్ వంతెనల కోడ్) ప్రకారం గర్డర్ చెక్ చేయడం నేర్చుకోవాలనుంటే, ప్రభుత్వ ఫీల్డ్ ఆఫీసు సరైన చోటు కాదు. ఇప్పుడు పెద్ద వంతెనల డిజైన్ ఎక్కువగా ప్రైవేటు కన్సల్టెంట్లు చేస్తారు, ఐఐటీలు, ఎన్ఐటీలు ప్రూఫ్ చెక్ (విడిగా మరోసారి సరిచూడటం) చేస్తాయి, శాఖ ఆమోదిస్తుంది. అలాంటప్పుడు కన్సల్టెన్సీకే వెళ్లండి. సర్కారు ముద్ర కోసం ఈఈ ఆఫీసులో కూర్చుని డిజైన్ నేర్పలేదని నిష్ఠూరాలాడి లాభం లేదు.

ఏ నెలలో వెళ్తున్నారన్నది కూడా ఎంపికే

ఇది చాలామంది పట్టించుకోరు. గోదావరి, కృష్ణ, మానేరు, మున్నేరు, ఏ నదైనా సరే, ఇసుకలో పునాదుల పని వానలు తగ్గాక మొదలై వరద వచ్చేలోగా అయిపోవాలి. అంటే డిసెంబర్ నుంచి మే దాకా పునాదులు చూడ్డానికి మంచి కాలం. బావి పునాది (బావిలా బోలుగా నది అడుగులోకి దించే పునాది) దిగుతుంటే ఆ వంపు 80కి 1 లోపల, పక్కకు జరగడం 150 మిల్లీమీటర్ల లోపల ఉంచడానికి వాళ్లు పడే తిప్పలు చూడాలంటే అప్పుడే వెళ్లాలి. జూన్ రెండో వారంలో చేరితే మిషన్లు గట్టెక్కేసి ఉంటాయి. అప్పుడు పైపని, అంటే గర్డర్లు, స్లాబ్ నడుస్తున్న సైట్ వెతుక్కోవాలి, లేదా తనిఖీ పనికి వెళ్లాలి.

రైల్వే ఓపెన్ లైన్‌కి మే నెల బాగుంటుంది, వానల ముందు తనిఖీలన్నీ అప్పుడే. కాలేజీ చివరి సెమిస్టర్ మొత్తం ఇంటర్న్‌షిప్‌కి వదిలేస్తే జనవరి నుంచి ఏప్రిల్ దాకా నది మీది కొత్త బ్రిడ్జి సైట్ దొరకబుచ్చుకోండి, ఇంకేమీ ఆలోచించక్కర్లేదు. నాలుగు వారాలే ఉంటే మాత్రం ఒకే వంతెన దగ్గర ఉండండి. వారానికో సెక్షన్ తిప్పే ట్రైనింగ్‌లో అన్నీ చూసినట్టే ఉంటుంది, ఏదీ మనసులో నిలవదు.

మరి మీకు ఏది?

సైట్ మొహమే చూడని మూడో ఏడాది విద్యార్థి అయితే ఇంటికి దగ్గర్లో పని నడుస్తున్న ఆర్ అండ్ బీ బ్రిడ్జి. దీనిలో నాకు అనుమానమే లేదు. ఊరికి దగ్గరైతే గది అద్దె, తిండి ఖర్చు మిగులుతుంది, రాత్రి కాంక్రీట్ ఉన్నా ఉండగలుగుతారు. అమ్మాయిలైతే సైట్ ఎంత దూరం, ఎవరి వాహనంలో వెళ్లి రావాలి, క్యాంప్ ఆఫీసులో టాయిలెట్ ఉందా అన్నవి ముందే అడగడంలో తప్పేమీ లేదు. హైవే ప్రాజెక్టుల క్యాంపుల్లో ఈ సౌకర్యాలు సాధారణంగా మెరుగ్గా ఉంటాయి, అది కూడా లెక్కలోకి తీసుకోండి.

ఇంజినీరింగ్ సర్వీసెస్ రాయాలనుకుంటూ, రేపు నేనే అధికారిని కావాలి అనుకునేవాళ్లకు రైల్వే ఓపెన్ లైన్. వ్యవస్థ ఎలా నడుస్తుందో, ఒక చిన్న తనిఖీ నివేదిక మీద ఎంత బాధ్యత ఉంటుందో అక్కడ తెలుస్తుంది. కన్‌స్ట్రక్షన్ కంపెనీల్లో ఉద్యోగం మీద కన్నుంటే హైవే ప్రాజెక్ట్. ఎందుకంటే రేపు మీరు పూరించబోయేది ఆ ఆర్ఎఫ్ఐలే. పరిశోధన, విదేశాల్లో ఎంఎస్ అనుకుంటే ఎస్ఈఆర్‌సీ లాంటిది. కానీ ముందు ఏడాది ఏదో ఒక సైట్‌లో నెల రోజులుండి వెళ్తే అక్కడి డేటా మీతో మాట్లాడుతుంది.

రెండు ఆఫర్లు చేతిలో ఉండి తేల్చుకోలేకపోతే, ఇద్దరినీ ఒకే ప్రశ్న అడగండి: "నేను రోజూ ఎవరితో ఉంటాను?" ఒక ఏఈ పేరో ఎస్ఎస్ఈ పేరో చెప్పిన ఆఫీసుని ఎంచుకోండి. "వచ్చాక చూద్దాం" అన్నచోట మీరు ఎవరి బాధ్యతా కాదు, మొదటి వారం కుర్చీ వెతుక్కోవడంతోనే సరిపోతుంది.

చివరగా కాగితాలు. హెచ్ఓడీ లెటర్ లేకుండా ఎక్కడా ఫైల్ కదలదు. తేదీలు, విద్యార్థుల పేర్లు, ఏ విభాగం కావాలో స్పష్టంగా రాయించి కనీసం రెండు నెలల ముందు ఇవ్వండి. రైల్వేకి ఇంకా ముందు ఇస్తే మేలు. ప్రమాద బీమా కాగితం అడిగేవాళ్లున్నారు, సిద్ధంగా ఉంచుకోండి. హెల్మెట్, షూ మీ సొంతవి కొనుక్కోండి, సైట్‌లో మిగిలిన హెల్మెట్‌కి బెల్ట్ ఉండదు. డ్రాయింగ్‌లు ఫొటో తీసి ఆన్‌లైన్‌లో పెట్టకండి, రిపోర్ట్‌లో వాడాలంటే అడిగి వాడండి. రోజూ సాయంత్రం ఒక పేజీ రాయండి: ఏ పియర్, ఏ పని, ఎంత కాంక్రీట్, ఏం తప్పు దొరికింది, ఎలా సరిచేశారు.

వెళ్లిపోయే రోజు సర్టిఫికెట్‌లో "విజయవంతంగా శిక్షణ పూర్తిచేశారు" అని ఒక్క వాక్యం రాసిస్తారు. దాని మీద ఆగిపోకుండా, వంతెన పేరు, ఏ రోడ్డు మీద ఏ కిలోమీటర్ దగ్గర, ఎన్ని స్పాన్లు, మీరున్నప్పుడు ఏ పనులు జరిగాయి అన్నది కూడా అందులో రాయమని ఏఈని అడగండి. ముసాయిదా మీరే రాసుకుని వెళ్తే ఆయన రెండు మాటలు మార్చి ఈఈ సంతకానికి పెట్టేస్తాడు.